నెదీల్య అంటే ఏ రోజు

వెర్బివ్కా,
1983 ఆగస్టు 8, సోమవారం.

నా చిట్టి చెల్లి ఒదార్కకి,

అక్క మెలానియా నీ రెండు బుగ్గలూ, మరిది యెఫీమ్ నుదురూ ముద్దుపెట్టుకుని రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం. క్షేమం అంటే ఎవరి కాళ్ల మీద వాళ్లం నిలబడుతున్నామని. నా కాళ్లకి మాత్రం మూడోదిగా ఒక కర్ర తోడైంది. అక్కడ రష్యాలో మీరిద్దరూ కర్ర అవసరం లేకుండానే తిరుగుతున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. చెర్రీలు ఎలా కాశాయని అడిగావు. విరగకాశాయి. పిట్టలు తిన్నన్ని తిన్నాయి, తమ్ముడు పనాస్ మనవలు చెట్టు మీదే కూర్చుని కడుపునొప్పి వచ్చేదాకా తిన్నారు. మిగిలినవి పాకం పట్టి సీసాలకెత్తాను. రెండు సీసాలు నీకు పంపుదామనుకుంటే పోస్టాఫీసు పిల్ల, "గాజు సీసాలు వద్దు పిన్నీ, పోయినసారి మీ సీసా పగిలి ఊరి ఉత్తరాలన్నీ ఎర్రగా అయ్యాయి" అంది. కాబట్టి ఎండబెట్టినవి పంపుతాను. ఆవుని అమ్మేశానని విని బెంగపడ్డావు. బెంగపడకు, దాని బదులు మేకని తెచ్చుకున్నాను. పాలు గ్లాసుడు ఇస్తుంది, పొగరు బక్కెట్టుడు చూపిస్తుంది. మరిది పంపిన ఎండు పుట్టగొడుగులు అందాయి. అంత శ్రద్ధగా ఒక్కొక్కటీ దారానికి గుచ్చి పంపడం ఆయనకే చెల్లింది. ఆ దండని పొయ్యి పక్కన తగిలించాను. వండడానికి మనసొప్పక అలాగే ఉంచాను.

ఆయన గుండె గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పినా కట్టెలు కొట్టడం మానలేదని రాశావు. ఆ పక్క పేజీలోనే, అమ్మ పోయిన రోజున ఈ ఏడు కూడా పొద్దుటినుంచి ఆయనతో మాట్లాడలేదని, ఆయన తన కంచం తీసుకుని వెళ్లి వసారాలో ఒక్కడే కూర్చుని తిన్నాడని రాశావు. "ఒక్క మాట సరిగ్గా రాయడం చేతకాని మనిషితో ఆ రోజు నేనెలా తింటానక్కా" అన్నావు. ఇరవై రెండేళ్లుగా ప్రతి జూలైలోనూ ఇదే రాస్తున్నావు. ప్రతిసారీ నేను దీనికి తప్ప మిగతా అన్నిటికీ జవాబు రాస్తున్నాను.

ఈసారి అలా కుదరలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు తయీసా గురించి చెప్పాలి.

తయీసా అంటే ఖార్కివ్‌లో పెద్ద చదువు చదువుతున్న పిల్ల. బెండుముక్కలా ఉంటుంది. పోయిన వారమంతా సైకిలేసుకుని మన చుట్టుపక్కల ఊళ్లు తిరిగింది. ముసలివాళ్ల దగ్గర కూర్చుని, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడిగి పుస్తకంలో రాసుకుంటుంది. మాటలు ఏరుకోవడం కూడా ఒక చదువేనట. మంగళవారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. పక్కింటి కింద్రాత్ అప్పటికే నా అరుగు మీద చేరి ఉన్నాడు. ఎనభై దాటినా ఆడపిల్ల గొంతు వినబడితే చాలు, ఆయన చేతికర్ర లేకుండా నడిచొస్తాడు.

"తాతా, నెదీల్య అనే మాట ఎలా వచ్చిందో మీ పెద్దవాళ్లు ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగింది.

"చెప్పకేం. పెళ్లాం పని చెప్పని రోజుని నెదీల్య అంటారు. మా నాన్న చెప్పాడు. నేను మాత్రం అలాంటి రోజు ఇంతవరకూ చూళ్లేదు."

"నువ్వు పని చేసిన రోజు మీ ఆవిడా చూళ్లేదులే" అన్నాను నేను.

ఆ పిల్ల నవ్వి, తాత వేళాకోళంగా అన్నా నిజమే చెప్పాడంది. 'నె' అంటే వద్దు, 'దీలో' అంటే పని. పని వద్దన్న రోజు కాబట్టి ఆదివారానికి నెదీల్య అని పేరట. పూర్వం మనకీ రష్యావాళ్లకీ అది ఒకటే మాట, ఒకటే రోజు. తరవాత వాళ్లు ఒక ఆదివారం నుంచి ఇంకో ఆదివారం దాకా ఉన్న ఏడు రోజుల్నీ కలిపి నెదేల్య అనడం మొదలుపెట్టారు. ఆదివారానికేమో ప్రభువు సమాధి నుంచి లేచిన రోజని వేరే పేరు పెట్టుకున్నారు. మనం రోజుకి ఆ పేరు అలాగే ఉంచి, ఏడు రోజులకి 'మళ్లీ అదే రోజు' అనే అర్థం వచ్చేలా ఇంకో మాట చేసుకున్నాం.

"మరి సాక్ష్యమేదమ్మా?" అన్నాడు కింద్రాత్, తానేదో కోర్టులో కూర్చున్నట్టు.

"సోమవారమే సాక్ష్యం తాతా. సోమవారాన్ని మనమూ వాళ్లూ కూడా 'నెదీల్య తరవాతిది' అనే అంటాం కదా. నెదేల్య అంటే మొదటినుంచీ ఏడు రోజులే అయితే, ఏడు రోజులూ అయ్యాక మళ్లీ సోమవారం ఏమిటి? వాళ్లకి కూడా ఒకప్పుడు అది ఆదివారమే."

నాకు ముచ్చటేసింది. అమ్మ చెప్పేది గుర్తొచ్చి చెప్పాను. ఆదివారం నాడు నెదీల్య తల్లి ఇల్లిల్లూ తిరుగుతుందని, ఆ రోజు ఎవరైనా కుట్టుపని పెట్టుకుంటే ఆ సూదిపోట్లన్నీ ఆవిడ ఒంటికే తగులుతాయని అనేది కదా అమ్మ. నీ గౌను అంచు ఊడితే సోమవారం దాకా పిన్నీసుతో తిప్పిందే గాని సూది ముట్టుకోనివ్వలేదు. అదంతా తయీసా గబగబా రాసుకుంది. రాసుకుంటూనే తలెత్తకుండా అడిగింది.

"అవ్వా, ఈ మాట దగ్గర మీ ఊళ్లో ఎవరైనా పొరబడ్డారా? వాళ్లు వారం అంటే మీరు ఆదివారం అనుకోవడం, అలాంటిది?"

"ఎందుకు పొరబడలేదూ, ఈవిడ మరిది..." అని కింద్రాత్ అందుకున్నాడు.

"నువ్వు నోరు ముయ్యి" అన్నాను. ఆ పిల్లతో, "లేదమ్మా. ఇక్కడెవరూ పొరబడలేదు" అన్నాను.

ఒదార్కా, ఆ సంగతి గురించి ఇరవై రెండేళ్లలో నా నోట వచ్చిన మొదటి నిజం అదే. ఎవరూ పొరబడలేదు. నేను పొరబడలేదు.

ఇప్పుడు నువ్వు కూర్చో. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి కూర్చుని చదువు.

ఆ ఏడు జూలైలో మీ టెలిగ్రాం గురువారం వచ్చింది. అమ్మ మంచం పట్టి అప్పటికి మూడు వారాలు. నాలుగు రోజులుగా నీళ్లు తప్ప ఏమీ తీసుకోవడం లేదు. ముఖం గోడవైపు తిప్పుకుని పడుకునేది. "బయలుదేరుతున్నాం. నెదేల్యలో వస్తాం. యెఫీమ్." అంతే ఉంది దాంట్లో. రష్యన్‌లోనే ఉంది. వారం రోజుల్లో వస్తాం అని మరిది తన భాషలో రాశాడు. మీ నది మీద పడవ ఎప్పుడు కదులుతుందో, ఏ రైలు దొరుకుతుందో ఆయనకి మాత్రం ఏం తెలుసు? వారంలో వస్తాం అనడం కంటే నిజాయితీగా ఏ మనిషీ రాయలేడు.

నాకు అది చూడగానే అర్థమైంది. యుద్ధంలో పంచదార ఫ్యాక్టరీతో పాటు నన్ను ఉరల్ కొండల అవతలకి పంపించారు కదా, మూడేళ్లు రష్యన్ మాటల మధ్యే తిన్నాను, పడుకున్నాను. నెదేల్యకి ఇన్ని రొట్టెలని చీటీలిచ్చేవారు. ఆ మాటకి అర్థం తెలియకపోతే ఆకలితో చచ్చేదాన్ని. నువ్వూ అమ్మా ఇక్కడే ఉండిపోయారు కాబట్టి, నేను అక్కడ ఫిరంగి గుండ్లు తుడవడం తప్ప ఏమీ నేర్చుకోలేదని నీ లెక్క. నేనూ నిన్ను అలాగే అనుకోనిచ్చాను.

అమ్మ గోడవైపే ముఖం పెట్టుకుని, "ఏం రాశారు?" అంది. నేను ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆ ఒక్క మాట అమ్మ చెవిన పడింది. ఇటు తిరిగింది.

"నెదీల్యకా? ఆదివారానికి వచ్చేస్తోందా?"

ఆ ముఖం నువ్వు చూసి ఉండాల్సింది. కాదమ్మా, వారంలో ఎప్పుడో అని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా, "నాకు కాస్త రసం కాచి పెట్టవే" అంది. నాలుగు రోజుల తరవాత ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి ముద్ద. నేను, "అవునమ్మా, ఆదివారం" అన్నాను. పొయ్యి దగ్గరికి వెళ్లాను.

శుక్రవారం తల దువ్వించుకుంది. శనివారం మంచం మీద నుంచే నన్ను పరుగులెత్తించింది. వసారా అలకమంది, పెద్దకోడిని కోయమంది, నీకు ఇష్టమని చెర్రీ కుడుములకి పిండి కలపమంది. "గట్టిగా కలపకు, దానికి పంటి నొప్పి" అని పదిసార్లు చెప్పింది. నీ పంటి నొప్పి నీ పెళ్లికి ముందే పోయిందని చెప్పినా వినలేదు. పనాస్ వచ్చి చూసి, "అమ్మ లేచి తిరిగేట్టుంది" అని సంబరపడ్డాడు. ఆ మూడు రోజులూ అమ్మ నవ్వింది ఒదార్కా. ఇది నేను చెప్తే తప్ప ఇంకెవరూ నీకు చెప్పలేరు.

ఆదివారం తెల్లవారకుండానే కుట్టుపూల చొక్కా తొడిగించుకుంది. దిళ్లు ఎత్తుపెట్టించుకుని కిటికీలోంచి బాట చూస్తూ కూర్చుంది. పనాస్ సాయంత్రం దాకా ఉండి వెళ్లిపోయాడు. వాడికి గుర్తున్నది ఆ ఆదివారమే. అమ్మ దారి చూసి చూసి చచ్చిపోయిందని అందరికీ వాడే చెప్పాడు, నీకూ చెప్పాడు. నువ్వూ అదే నమ్మి ఇన్నేళ్లూ ఏడ్చావు.

సోమవారం పొద్దున అమ్మ ఏమైనా అందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఇదిగో చెప్తున్నాను. తెల్లగా తెల్లవారాక కళ్లు తెరిచింది. చూపు ఆనడం లేదు. "మెలానియా, ఇవాళ ఏం రోజు?" అంది.

నేను, "ఆదివారమే అమ్మా" అన్నాను.

"ఇంకా ఆదివారమేనా?"

"ఇంకా ఆదివారమే. ఇప్పుడే తెల్లారింది."

"అయితే బండి ఇంకా రాలేదన్నమాట. తలుపు గడియ పెట్టకు. అది వచ్చేసరికి కుడుములు చల్లారిపోతాయి, మూత పెట్టు" అంది. మూత పెట్టి వచ్చాను. నా చెయ్యి పట్టుకుంది. ఇంకేమీ అనలేదు. పాలవాళ్ల గంట వినబడే వేళకి పోయింది.

కాబట్టి ఒదార్కా, అమ్మ లెక్కలో నువ్వు ఆలస్యం చేయలేదు. నువ్వు మాట తప్పావని అమ్మ అనుకోనేలేదు. నువ్వు వచ్చే రోజే అనుకుని, నువ్వు దారిలో ఉన్నావనుకుని పోయింది. ఈ మాట నీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పాలంటే నేను రెండు అబద్ధాలు ఆడానని ఒప్పుకోవాలి. అందుకని నీకు దక్కాల్సిన ఊరట నా దగ్గరే పెట్టుకున్నాను. నా దొంగతనం ఇదే. మిగతాది దీని వెనకే వచ్చింది.

జూలై ఎండ కదా, బుధవారం పొద్దున్నే పూడ్చిపెట్టాం. మీరు మధ్యాహ్నం దిగారు. బల్లల దగ్గర అందరూ చావుభోజనంలో పెట్టే తేనె కలిపిన గోధుమలు తింటున్నారు. నువ్వు ఆ బల్లల్ని చూసి గుమ్మంలోనే కూలబడ్డావు. పనాస్ లేచాడు. అప్పటికి మూడు గ్లాసులు తాగి ఉన్నాడు. "ఆదివారం వస్తామని రాసి బుధవారం వస్తారా?" అన్నాడు. నువ్వు మరిదివైపు తిరిగి, "ఏ మాట రాశావు?" అన్నావు. ఆయన చెప్పాడు. "మా ఇళ్లల్లో నెదీల్య అంటే ఆదివారమని నీకు తెలీదా? ఒక తారీఖు వేయడానికి చెయ్యి రాలేదా?" అని నువ్వు అరిచావు. పనాస్, "అడవిలో దుంగలు దొర్లించేవాడికి అక్షరాలేం తెలుస్తాయి" అన్నాడు. ఊరంతా వింది. నేను అక్కడే ఉన్నాను, చేతిలో గరిటె పట్టుకుని. చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. లేని ఆశ పెట్టి తల్లిని చంపిందంటారని భయం వేసింది. మరిది నా వైపు చూశాడు. తల దించుకుని, "తప్పు నాదే. సరిగ్గా రాయలేదు. క్షమించండి" అన్నాడు.

ఆ సాయంత్రం నేను నూతి దగ్గర గిన్నెలు తోముతుంటే వచ్చాడు. "జరుగు వదినా, నీళ్లు నేను తోడతాను" అన్నాడు. నాలుగు బక్కెట్లు తోడాక అప్పుడు అన్నాడు.

"మా పెళ్లిలో నువ్వు మా అమ్మతో మాట్లాడావు. మా అక్కచెల్లెళ్ల కంటే చక్కగా మాట్లాడావు. ఆ మాట నీకు తెలీకపోవడమేమిటి?"

నేను తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

"ఆ మూడు రోజులూ అత్తయ్య తిన్నదా?" అని అడిగాడు.

"తిన్నది. నవ్వింది కూడా."

"అయితే సరే."

"నేను లోపలికి వెళ్లి చెప్పేస్తాను మరిదీ."

"ఇవాళ వద్దు. నువ్వు ఈ ఊళ్లో బతకాలి, రోజూ ఈ నూతికే రావాలి. నేను ఎల్లుండి పోయేవాణ్ణి. నా మీద ఉంటే ఎవరికీ అడ్డం కాదు. ఒదార్క కోపం ఎంతసేపు, ఈ చలికాలం గడిస్తే పోతుంది."

పాపం, నీ సంగతి ఆయనకి అప్పటికింకా సరిగ్గా తెలీదు.

ఇవాళ వద్దన్నాడే గాని ఎప్పటికీ వద్దనలేదు. ఆ 'ఇవాళ'ని నేను ఇరవై రెండేళ్లు సాగదీశాను. ఆయన ఒక్కసారైనా నీతో అనలేదంటే, కోపంలోనైనా, జబ్బులోనైనా నోరు జారలేదంటే, నువ్వెలాంటి మనిషిని కట్టుకున్నావో ఆలోచించు. బంగారం చేతిలో పెట్టుకుని బొగ్గని తిడుతున్నావు. తిట్టించింది నేను.

నిన్న ఆదివారం పనాస్ ఇంటికి వెళ్లి భోజనాల దగ్గర అంతా చెప్పాను. నీకు రాసేముందు ఒక్కరి ముఖం ఎదురుగా చెప్పగలనో లేదో చూసుకుందామని. పనాస్ చెంచా కింద పెట్టి బయటికి వెళ్లాడు. కంచె పట్టుకుని చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు. వాళ్లావిడ వెళ్లి పిలవబోతే నేనే ఆపాను. లోపలికి వచ్చి, "నీ మీద నాకు కోపం రావాలి. వస్తుంది కూడా, నువ్వేం తొందరపడకు. ముందు ఆయనకి నేనేమన్నానో అది చూసుకోవాలి" అన్నాడు. చివర్లో తనకి కాస్త చోటు ఉంచమన్నాడు. ఉంచుతున్నాను.

నా మీద నీకు ఎంత కోపం వస్తే అంత రానీ. రాయకుండా ఉంటే ఉండు, నేను మాత్రం రాస్తూనే ఉంటాను. కానీ ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదివి దాచుకోకు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదువు. నూతి దగ్గర సంగతి చదివేటప్పుడు ఆయన లేచి బయటికి పోబోతాడు. పోనివ్వకు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు.

ఇట్లు,
నీ చేత ఏ మాటైనా పడడానికి సిద్ధంగా ఉన్న
నీ అక్క మెలానియా.

యెఫీమ్ బావా,

ఇది పనాస్ రాస్తున్నాను. అక్క అంత పొడుగు రాయడం నాకు రాదు. ఆ రోజు బల్ల దగ్గర నేనన్న మాట ఊరంతా వింది. అందుకని ఈ పొద్దున పాలు పోసే చోట అందరూ ఉన్నప్పుడు చెప్పాను. యెఫీమ్ సరిగ్గానే రాశాడు, మా ఇంట్లోనే సరిగ్గా చదవలేదు అని. కింద్రాత్ ముసలాడు ఎవరు చదివారని అడిగాడు. అది మా ఇంటి సంగతి అన్నాను.

క్షమించమని కాగితం మీద అడిగితే బాగుండదు. గుండె బాగాలేదట, నువ్వు కదలకు. గోధుమ కోతలు అయిపోయాయి, నేనే వస్తాను. సైన్యం నుంచి తిరిగొచ్చాక నేను ఈ జిల్లా దాటలేదు. ఏ రైలు ఎక్కాలో, పడవ ఎక్కడ మారాలో, ఎన్ని రోజులు పడుతుందో రాసి పంపు. నువ్వెలా రాస్తే అలాగే చదువుకుని వస్తాను.

ఇట్లు,
నీ బావమరిది పనాస్.